నైట్‌షిఫ్టు ఇంట్లో కథ

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నా కూతురు దాక్షాయణికి పొరుగింటి అంబుజమ్మ మాటే రుచి. బడి విడిచిందంటే సంచి మూలన పడేసి ఆ వసారాలోకి పరుగు. అంబుజమ్మ భర్తకు రాబర్ట్‌సన్‌పేటలో ధాన్యం అంగడి. పగలంతా ఇంట్లో ఆమెదే రాజ్యం. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని కథల పుస్తకం పైకి చదువుతుంది. సగంలో ఆపి, "తర్వాత ఏమైందో మీరే చెప్పండి" అంటుంది. నోరు విప్పనివాళ్ళకు సుద్దముక్క ఇచ్చి నేలమీద బొమ్మ వేయమంటుంది. ఈ సంబడానికి మా ఆండర్సన్‌పేట అంతా ఆమెను పొగడ్డమే!

మా ఇంట్లో అవన్నీ కుదురుతాయా? మా ఆయన నంజుండప్పకు బంగారు గనిలో ఎప్పుడూ నైట్‌షిఫ్టే. రాత్రంతా భూమి అడుగున ఉండే మనిషికి పగలైనా నిద్ర ఉండొద్దా? ఇలాంటి ఇళ్ళల్లో పిల్లలకు మాటలకంటే ముందు గుసగుస వస్తుంది. గిన్నె జారితే నాకంటే ముందు దాక్షి ఉలిక్కిపడేది. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయేదాన్ని.

ఒకరోజు గోడ అవతల ఒక పిల్ల గొంతు ఖంగుమంది. ఏనుగు గనిలోకి దిగబోయి లిఫ్టులో ఇరుక్కుందంట, ఘీంకరిస్తోందంట. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. ఎవరి కూతురో ఇంత గడుసుది అని తొంగిచూస్తే, నా కూతురే! దానికంత గొంతుందని కన్నతల్లిని నాకు తెలీదు, అంబుజమ్మకు తెలుసు. నా కడుపు భగ్గుమంది.

పోయి దాని చెయ్యి పట్టి లేపినాను.

"ఏమమ్మా చిక్కమ్మా, కథ సగంలో ఉండాదే" అంది అంబుజమ్మ.

"మిగిలింది మా ఇంట్లో చెప్తాదిలే" అన్నాను.

ఇంటికొచ్చి వంటింట్లో ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "ఇంగ చెప్పు. ఆమెకు చెప్పినట్టే నాకూ చెప్పు."

దాక్షి నా చెవి దగ్గరికి వచ్చి మొదలుపెట్టింది. ఏనుగు గుసగుసగా నడిచింది, గుసగుసగా ఘీంకరించింది. నాకు నవ్వు రాలేదు.

"ఆడ అరిచినావు గదే, అట్ల చెప్పు!"

"అప్పా లేస్తాడు" అంటూ అరచేత్తో నా నోరు మూసింది. అచ్చం నేను దాని నోరు మూసినట్టే మూసింది. నాకు ఏడుపొచ్చింది.

"లేచే ఉండాను" అంది నడింట్లో మంచం మీది గొంతు. "ఏనుగు యాడ ఇరుక్కుంది తల్లీ? గట్టిగా చెప్పు, నాకు వినబళ్ళేదు."

"నిద్ర చెడింది గదా నీకు" అన్నాను.

"నిద్ర యాడ పట్టినాది? గనిలో చప్పుడు ఆగితే ఏదో కీడని మాకు భయం. కొంపలో ఈ నిశ్శబ్దానికి ఎన్నితూర్లు ఉలిక్కిపడి లేచినానో!"

"ముందే చెప్పుంటే ఏమి?"

"నోటిమీద వేలు పెట్టుకుని తిరిగేదానివి, నీకేమని చెప్పేది?"

దాక్షి నన్ను వదిలేసి మంచం ఎక్కింది. ఆయన పొట్టమీద కూర్చుని ఇల్లు అదిరేట్టు ఘీంకరించింది. ఇద్దరూ ఒకటే నవ్వు. అంబుజమ్మ మీదున్న మంటంతా ఆయన మీదికి తిరిగింది. ఆయన నిద్ర కోసం ఇన్నేళ్ళూ దాని నోరు మూసింది నేను. అది ఇప్పుడు కథ చెప్తున్నది ఆయనకు.