చీలమండ ఎత్తులో నీలం రిబ్బను

నేను అబద్ధం చెప్పలేదని బుకాయించను. చెప్పాను. అదీ చేతిలో టేపు పట్టుకుని మరీ చెప్పాను.

రెండేళ్ల కిందట యూనివర్సిటీ వాళ్లూ, కావలిలోని ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లూ కలిసి మా గవ్వలపాళెం వచ్చారు. తుపాను వస్తే సముద్రపు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఊరూరికీ పటం గీస్తారట. ఆ పటం చూసి అధికారులు ఎవరిని ముందు తరలించాలో తేల్చుకుంటారట. సాయానికి ఊరి ఆడమనిషి కావాలన్నారు. బిట్రగుంట రైల్వే కాలనీలో చేపలమ్మే నాకు నోరూ ఉంది, నాలుగు అక్షరమ్ముక్కలూ ఉన్నాయి. మెడలో కార్డు వేశారు. యూనివర్సిటీ పిల్ల షారన్‌తో కలిసి నేను ఇల్లిల్లూ తిరగాలి. అంతకు ముందటేడు తుపానులో ఏ ఇంట్లో నీళ్లు ఎంత లోతు నిలిచాయో అడిగి, వాకిట్లో గుంజకు ఆ ఎత్తులో నీలం రిబ్బను కట్టాలి. షారన్ దాన్ని కొలిచి సెల్లులోకి ఎక్కించుకుంటుంది.

వాళ్లు వచ్చే ముందురోజే కాపు ఊరిని పిలిచాడు. మా పల్లెల్లో కాపు అంటే ఊరిపెద్ద. ఆయన పెట్టిన కట్టుబాటు దాటితే వెలి. ఎవరూ పలకరించరు, మగవాళ్లను పడవ ఎక్కనివ్వరు. మా కాపు ముత్యాలయ్య నా మొగుడు పెంచల్‌కు పెద్దనాన్న. నాకు మామ వరస.

"పక్కూళ్లో ఇట్టానే కొలిచినారు," అన్నాడు ముత్యాలయ్య. "నీళ్లొచ్చే చోటని చెప్పి ఊరిని మూడు మైళ్లు లోపలికి, చేల పక్కకు తోలినారు. పడవలు ఈడ, మనుషులు ఆడ. చేప కనపడినాదని కబురొచ్చి పరిగెత్తేలోపల ఏముంటాది? ఎవురడిగినా నీళ్లు చీలమండ దాటలేదనే చెప్పాల. ఇది కట్టుబాటు."

ఆయన చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. ఒడ్డు పోతే మాకు బతుకు లేదు. అందరం తలూపాం.

ఓబులేసు ఇంట్లో నడుం లోతు నిలిచిన నీళ్లకు చీలమండ దగ్గర రిబ్బను కట్టాను. చిన్నపోలయ్య ఇంట్లో కిటికీ దాకా వచ్చాయి. అక్కడా చీలమండే. నా ఇంటికి వచ్చేసరికి అప్పటికి ఐదేళ్లున్న నా కూతురు చిట్టి, "అమ్మా, నా నోటి..." అని మొదలుపెట్టింది. తొడపాశం పెట్టాను. షారన్ సెల్లులోంచి తల ఎత్తలేదు.

పటంలో మా ఊరికి ఆకుపచ్చ రంగు పడింది. భయం లేని ఊరని అర్థం. మా తెలివికి మేమే మురిసిపోయాం.

మొన్న శుక్రవారం తుపాను మా వైపు తిరిగింది. సాయంత్రం ఆరుకు తీరం దాటుతుందన్నారు. మధ్యాహ్నానికే అలలు ఇసుక దిబ్బను కొరుకుతున్నాయి. పడవలను రోడ్డు దాకా లాక్కొచ్చి తాళ్లతో కట్టాం. ఒడ్డునున్న వేరే ఊళ్లకు బస్సులొచ్చాయి, నిండాయి, వెళ్లిపోయాయి. మాకు ఒక్కటీ రాలేదు.

రెండింటికి సంస్థలో పనిచేసే హెబ్రోను మైకు పట్టుకుని మోటారు సైకిలు మీద వచ్చాడు.

"బస్సులు తక్కువుండాయన్నా," అన్నాడు ముత్యాలయ్యతో. "ఎర్ర రంగు ఊళ్లకే ముందు. మీది పచ్చ గదా. స్కూల్లోకి పోయి తలుపులేసుకోండి, చాలు."

అప్పటి తుపానులో స్కూలు కిటికీల దాకా నీళ్లొచ్చిన సంగతి అక్కడ నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ముత్యాలయ్య కండువా బిగించి, "స్కూలు మిద్దె ఎక్కుదాంలే," అన్నాడు. తొంభై ఇళ్ల వాళ్లం ఆ మిద్దె మీద ఎక్కడ పడతాం? నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీద నాకే.

"హెబ్రోనన్నా," అన్నాను. "ఆ పచ్చ రంగు అబద్ధం."

"మస్తానమ్మా," అన్నాడు ముత్యాలయ్య. గొంతు పెంచలేదు. "ఆలోచించుకోని మాట్లాడు. ఇయ్యాళ నోరిప్పినావంటే ఈ ఊరికీ నీకూ సంబంధం లేదు. పెంచల్‌కు పడవా లేదు."

పెంచల్ వైపు చూశాను. నేల చూస్తున్నాడు. చిట్టి నా కొంగు పట్టుకుని ఉంది.

"నీళ్లు కొలిచింది నేనే మామా," అన్నాను. "తప్పుగా కట్టింది నేనే. స్కూల్లో కిటికీల దాకా వచ్చినాయి."

హెబ్రోను మొహం పాలిపోయింది. వెంటనే షారన్‌కు ఫోన్ చేశాడు. పటం ఆ పిల్ల చేతిలోనే ఉంటుంది, అది మారితే తప్ప బస్సుల జాబితా మారదు. ఫోన్ నా చేతికిచ్చాడు. సంగతి చెప్పాను.

"మనిద్దరం కలిసి కొలిచాం కదక్కా," అంది షారన్.

సిగ్గుతో చచ్చిపోయాను.

"సరే, ఏ ఇంట్లో ఎంత లోతో చెప్పండి," అంది. "త్వరగా."

ఇసుక కళ్లలో కొడుతుంటే ఫోన్ చెవికి పెట్టుకుని ఊరంతా నడిచాను. "ఓబులేసు ఇల్లు, నడుం దాకా. చిన్నపోలయ్య ఇల్లు, కిటికీ దాకా." జనం వెనకే వచ్చారు. ఎవరూ అవుననలేదు, కాదనలేదు. ముత్యాలయ్య ఇంటి ముందు ఆగాను. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన మొహంలోకి చూస్తూనే, "రొమ్ముల దాకా," అన్నాను. ఆయన పక్కకు తప్పుకోలేదు. ఎనభై తొమ్మిది ఇళ్లయ్యాక సిగ్నల్ పోయింది.

నాలుగున్నరకు ఆరు బస్సులొచ్చాయి. అప్పటికి దిబ్బ తెగి నీళ్లు వీధిలోకి దిగుతున్నాయి. ముసలివాళ్లను ఎత్తుకుని, పిల్లలను తోసుకుంటూ అందరూ ఎక్కారు. చివరి బస్సులో చివరగా నేనూ, పెంచలూ, చిట్టీ ఎక్కాం. సీట్లలో జరిగితే చోటుంది. ఎవరూ జరగలేదు. నిన్నటిదాకా నాతో ఒకే కంచంలో తిన్న బిందు కిటికీ వైపు తిరిగింది. వెలి అప్పుడే మొదలైంది.

రైలు గేటు దగ్గర నా ఫోన్ మోగింది. షారన్. గాలి హోరుకు వినపడక స్పీకరు పెట్టాను.

"అక్కా, ఒక ఇల్లు మిగిలింది. మీది. ఎంత దాకా?"

బస్సంతా వింటోంది. ఎనభై తొమ్మిది ఇళ్లకు గడగడా చెప్పిన నా నోరు పెగల్లేదు.

"నా నోటి దాకా," అంది చిట్టి. "అమ్మ ఎత్తుకునేదాకా ఆ నీళ్లే తాగినా."

షారన్ ఫోన్ పెట్టేసింది.

ముందు సీట్లో కూర్చున్న ముత్యాలయ్య నా వైపు తిరగలేదు. "పెంచలా," అన్నాడు, "బిడ్డను ఇట్టా పంపు." కిటికీ వైపుకు జరిగాడు. చిట్టి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ఆయన తన కండువా తీసి దాని తడి తల తుడిచాడు.

బోగోలులో శిబిరం దగ్గర దిగేదాకా నేను నిలబడే వచ్చాను.