సిద్దిరాములు పేనిన బొందు

వరంగల్లు కొత్తవాడలో పరుగెత్తేవాళ్ళు రెండే రకాలు: రైలు తప్పిపోతుందని భయపడ్డవాళ్ళు, కుక్క తరిమినవాళ్ళు. ఏ తొందరా లేకుండా, ఎవరూ తరమకుండా తెల్లవారుతూనే గుట్ట మీదికి పరుగెత్తే మనిషి ఆ వాడ మొత్తానికీ నర్సింగం ఒక్కడే. అందుకని అతనికి వాడలో పెట్టని పేరు లేదు.

దీనికంతటికీ మూలం ఐదేళ్ళ కిందటి దగ్గు. పుట్టింది మొదలు జంపఖానాల మగ్గం పక్కన పెరిగినవాడి రొమ్ములో నూలు దుమ్ము చేరకుండా ఉంటుందా? దవాఖానలో డాక్టరు మందులిచ్చి, పొద్దున పూట ఎత్తు మీద మంచి గాలి పీల్చుకొమ్మన్నాడు. గోవిందరాజుల గుట్ట దగ్గరే కదా అని నడక మొదలుపెడితే, మొదటి రోజు సగం మెట్లకే కూలబడ్డాడు. ఏడాది తిరిగేసరికి దగ్గు పోయింది. నడక కాస్తా పరుగైంది. ఆ పరుగు మెట్లు వదిలేసి రాళ్ళ సందుల్లో మేకలు నడిచే బాట పట్టింది. ఆదివారాలు సైకిలు మీద మడికొండ దాకా పోయి మెట్టుగుట్ట కూడా ఎక్కి దిగేవాడు. ఊపిరి విలువ ఊపిరాడనప్పుడే తెలుస్తుంది. నర్సింగానికి తెలిసింది గనకే ఎవరెంత నవ్వినా ఆగలేదు.

ఒకరోజు గుట్ట మీద సారంగపాణి ఒక పేపరు ముక్క పట్టుకుని కనిపించాడు. ఆయన సుబేదారి కచేరీలో గుమాస్తా. పొట్ట తగ్గించుకోవడానికని రోజూ వస్తాడు గానీ, పొట్ట మాత్రం ఆయన మాట ఎన్నడూ వినలేదు. విశాఖపట్నం దగ్గర సముద్రం పక్క కొండల్లో, అడవిశాఖవాళ్ళు కంచె వేసి కాపాడుతున్న వనంలో, సంక్రాంతి పోయిన నెలకు పరుగు పందెం ఉందట. రెండు కొండలెక్కి దిగి, ఒడ్డున పాతిన జెండా దగ్గరికి గంటా ముప్పావులోపల చేరినవాళ్ళందరికీ ఇత్తడి బిళ్ళ ఇస్తారట. దరఖాస్తు కూడా ఆయనే నింపిపెట్టాడు.

నర్సింగానికి ఆశ పుట్టింది, వెంటనే చల్లారింది కూడా. పెద్ద జంపఖానా ఒక్కడి చేత అయ్యే పని కాదు. ఒకే మగ్గం ముందు, ఒకే బల్ల మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఎవరి సగంలో వాళ్ళు అడ్డంగా పేక పోగు నడిపి ఇనుప పంజాతో కొట్టాలి. ఒకడు లేస్తే రెండోవాడు చేతులు ముడుచుకోవాల్సిందే. ఇప్పటికే గుట్ట పేరు చెప్పి పొద్దున ఒక గంట పోతోంది. పందానికి తయారు కావాలంటే మూడు గంటలన్నా కావాలి. అతనిది ఎడమ సగం. కుడి సగం సిద్దిరాములుది. ఆయన వరసకు మేనమామ. వయసు అరవైకి దగ్గరపడింది, మోకాళ్ళు ఆయనకన్నా ముసలివి. నర్సింగం చేతికి మొదట పంజా ఇచ్చింది ఆయనే. తెగిన పోగు కళ్ళబడ్డాక దాటిపోతే తిన్న కూడు అరగదని నేర్పిందీ ఆయనే.

ఆయన పేపరు ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. చదువు రాదు గనక ఎటు తిప్పినా ఒకటే.

"పో అల్లుడా. పొద్దుగాల నీ దిక్కు గూడ నేనే జూస్కుంట. నువ్వు ఆ బిళ్ళ దెచ్చి ఈ గుంజకు తగిలియ్యి, నాకదే సాలు."

అన్నట్టే మూడు నెలలు చేశాడు. కుడివైపు ఒక వరస కొట్టడం, బల్ల మీద ఎడమకు జరగడం, అక్కడ కొట్టడం, మళ్ళీ కుడికి జరగడం. నర్సింగం చెమటలు కక్కుతూ తిరిగొచ్చేసరికి ముసలాయన కూడా అంతే తడిసి ఉండేవాడు. మామా అల్లుళ్ళిద్దరూ పరుగెత్తుతున్నారని వాడలో నవ్వుకున్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

పోయే ముందురోజు ఇంకో చిక్కొచ్చింది. దర్జీ కుట్టిన నిక్కరు నడుము దగ్గర నిలవడం లేదు. సిద్దిరాములు మగ్గం మీది ఎర్ర నూలు తీసి, నాలుగు పేటలు కలిపి తొడ మీద పేని, బారెడు బొందు తయారుచేసి అందులో ఎక్కించాడు. ఏనుగును కట్టినా తెగదన్నాడు.

వాల్తేరు స్టేషన్‌లో రైలు దిగి, దారి అడుగుతూ ఆ వనం చేరిన నర్సింగం మొట్టమొదట సముద్రాన్ని చూసి, చుట్టూ ఉన్నవాళ్ళను మర్చిపోయి నిలబడిపోయాడు. ఈల వేశాక పక్కవాడు మోచేత్తో పొడిస్తే గానీ కదల్లేదు.

మొదటి కొండ మెట్టుగుట్ట లాంటిదే. కాళ్ళకు కొత్త అనిపించలేదు. రాయి మీద రాయి చూసుకుంటూ పదిమందిని దాటేశాడు. దారి పొడవునా తుప్పలకు తెల్ల తాడు కట్టి ఉంది. తాడు ఎటు పోతే దారి అటు. రెండో కొండ నెత్తికెక్కేసరికి ఇంకా బోలెడు టైముంది. కింద జెండా కనబడుతోంది. ఉప్పు గాలి రొమ్ము నిండా పోతోంది. బిళ్ళ చేతికొచ్చినట్టేనని, సిద్దిరాములు మొహం ఎట్లా వెలుగుతుందోనని నవ్వుకున్నాడు.

అక్కడ దారి రెండుగా చీలింది. ముందుపోయినవాడి బనీను ఎడమవైపు దిగుతూ కనబడింది గనక నర్సింగం అటే తిరిగాడు. నాలుగడుగులు వేశాక చూశాడు: తాడు తెగి ఉంది. కంచె దూరిన ఏ మేకో కొరికినట్టుంది. తెగిన కొన గాలికి కుడివైపు బాట మీద పడి ఆడుతోంది. ఆ బాట చివర రాయి కొట్టి వదిలేసిన లోతైన గుంట.

కాళ్ళు మాత్రం ఇంకో పదడుగులు పోయాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. వెనక్కి తిరిగొచ్చి రెండు కొనలూ పట్టుకుని లాగాడు. జానెడు అందలేదు. మగ్గం దగ్గరైతే కొత్త పోగు అతికేవాడు. ఇక్కడ ఉన్నది కాళ్ళకు లేసుల్లేని బూట్లు, ఒంటి మీద బనీను, నిక్కరు. నిక్కరులో బొందు.

చెమటకు బిగుసుకున్న ముడి విప్పడానికే మిగిలిన టైములో సగం పోయింది. ఆ బొందును రెండు కొనల మధ్య అతికి, నేతపని ముడి వేసి, లాగి చూసి, మళ్ళీ పరుగందుకున్నాడు. రెండు చేతులూ ఆడితేనే దిగుడులో కాలు నిలుస్తుంది. ఒక చేత్తో నిక్కరు పట్టుకున్నవాడికి ఏ కాలు నిలుస్తుంది? అతను ముడివేసిన దారినే వచ్చి ఎనిమిది మంది అతన్ని దాటిపోయారు. అందులో ఇద్దరు నవ్వారు కూడా. నర్సింగం ఒడ్డు చేరేసరికి జెండా పీకి భుజాన వేసుకున్నారు.

ఇసుకలో కూలబడ్డాడు. మూడు నెలలు ముసలాయన బల్ల మీద జరిగిన జరుగుడంతా కళ్ళముందు తిరిగింది. ఏం మొహం పెట్టుకుని పోవాలో తోచలేదు. అయినా ఊపిరి మాత్రం ఏ అడ్డూ లేకుండా ఆడుతోంది. సగం మెట్లకే కూలబడిన రొమ్మేనా ఇది అనిపించింది. ఆ ఊపిరికీ, దానికోసం రోజూ పొద్దున తనను మగ్గం నుంచి వదిలిన మామకూ మనసులోనే దండం పెట్టుకున్నాడు. దుఃఖమూ సంతోషమూ ఒక్కసారే వచ్చి కళ్ళు నిండాయి.

చివరగా అతన్ని దాటిన నడివయసు జాలరి బిళ్ళ మెడలో వేసుకుని దగ్గరికొచ్చాడు. నిక్కరు కేసి, అతని చేతి కేసి చూశాడు.

"కొండ మీద ఎర్రతాడు నీదేనేటి?"

నర్సింగం తలూపాడు. జాలరి పడవ దగ్గరికి పోయి వల తాడు ముక్క ఒకటి తెచ్చి, చంటిపిల్లాడికి కట్టినట్టు అతని నిక్కరు బిగించి కట్టాడు.

మర్నాడు ఇల్లు చేరేసరికి మగ్గం గుంజకు కొత్త మేకు కొట్టి ఉంది. బిళ్ళ కోసం కొట్టిన మేకు. నర్సింగం దాన్ని చూశాడు. బల్ల మీద తన చోట కూర్చుని, తల వంచుకుని జరిగిందంతా చెప్పాడు. నిక్కరు పట్టుకుని దిగిన ముచ్చట దగ్గర సిద్దిరాములు పంజా కింద పెట్టి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని ఒక్కటే అడిగాడు.

"ముడి నిలిచిందా?"

"నిలిచింది మామా. నా ఎన్క ఇరవై మంది దాక వచ్చిన్రు, ఒక్కడు గూడ గుంట దిక్కు పోలే. బిళ్ళనే తేలేకపోయిన."

"నేను పేనిన బొందు సముద్రం ఒడ్డుకున్నదన్నట్టు."

"ఆడనే ఉన్నది. సముద్రం మంచిగ కనవడతది ఆడికెల్లి."

సిద్దిరాములు పడుగు పోగుల మీద చెయ్యి ఆనించి, సముద్రం ఎంత వెడల్పో అడిగి చెప్పించుకున్నాడు. వరంగల్లు దాటి ఎరగని మనిషి. తరవాత నిక్కరులోంచి వల తాడు లాగించుకుని, వేళ్ళతో పురి చూశాడు. గట్టిదేనని ఒప్పుకున్నాడు. దాంతో నర్సింగం బూట్లు రెండూ జతగా కట్టి, మేకుకు తగిలించాడు.

"మేకు ఉత్తగ ఉండొద్దు. రేపు ఐదు గొట్టంగ తీస్కపో. నీ దిక్కు నేన్ జూస్కుంట."

ఇక అక్కర్లేదని, పందెం అయిపోయిందని నర్సింగం ఏదో అనబోయాడు. ముసలాయన వినిపించుకోలేదు.

తెల్లారి బూట్లు తొడుక్కుని సందు మలుపు తిరుగుతుంటే వెనక పంజా చప్పుడు మొదలైంది. కుడివైపు ఒక వరస. కాసేపు ఏమీ వినబడలేదు, ముసలాయన బల్ల మీద జరుగుతున్నాడు. ఎడమవైపు చప్పుడు వినబడేదాకా నర్సింగం అక్కడే నిలబడి, అప్పుడు గుట్ట వైపు పరుగెత్తాడు.