పెద్దావిడకు పురుగు పట్టింది

మా ఇంట్లో పెద్దావిడ అంటే నేను కాదు. వయసులో నేనే పెద్దదాన్ని. కానీ ఆ పేరు హాల్లో గోడవారగా పెట్టిన గాజు తొట్టెలో, ఉప్పునీళ్ళ మధ్య గొడుగులా విచ్చుకుని కూర్చున్న, ప్రాణమున్న ఒక సముద్రపు పగడానిది. మా అబ్బాయి పెళ్ళికి ముందు గోరంత ముక్క తెచ్చి రాయికి అంటించాడు. అది పెరిగి పెరిగి కంచమంత అయింది. ఆ పేరు పెట్టింది మా కోడలే, కాపురానికొచ్చిన కొత్తలో. "నీ పెద్దావిడ సేవ అయిందా? అయితే వచ్చి ఈ చిన్నావిడ మొహం కూడా కాస్త చూడు" అనేది. అప్పుడు ముగ్గురం నవ్వేవాళ్ళం.

నేను ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని. లోపల ఎవరి ప్రాణం ఎలా ఉన్నా, బయట ఎవరు ఎంత ఏడుస్తున్నా, డాక్టరు చెయ్యి చాపితే అందులో సరైన పనిముట్టు పెట్టడం నా పని. అందుకని చుట్టాలంతా నాది రాతిగుండె అంటారు. అననీ. అందరూ కూర్చుని ఏడిస్తే నేల తుడిచేదెవరు?

మా అబ్బాయి లిఫ్టు మెకానిక్. రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయి కేకలు పెట్టేవాళ్ళతో తలుపు ఇవతలినుంచి కబుర్లు చెప్పి, వాళ్ళను నవ్వించి మరీ బయటికి తీస్తాడట. అది బయట. ఇంట్లో మాత్రం బెల్లం కొట్టిన రాయి. కోడలిది కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం. పొద్దస్తమానం అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగా కనిపిస్తోందా, ఇందాకటిదా?" అని అడగడమే ఆమె పని. ఎదుటివాళ్ళు ఏదో ఒకటి చెబితే గానీ ఆమెకు తర్వాతి అద్దం వెయ్యడం కుదరదు. ఈ ఇద్దరికీ ముడిపెట్టిందెవరని అడక్కండి. నేనే.

ఆమె కంపెనీవాళ్ళు వేరే ఊళ్ళో కొత్త షాపు తెరుస్తూ, దాని బాధ్యత ఆమెకిస్తామన్నారు. మూడు నెలల్లోగా ఔననో కాదనో చెప్పాలి. అన్నాలు తింటుండగా ఆ సంగతి చెప్పి, మొగుడి మొహంలోకి చూసింది. వాడు తలెత్తి, "నీ ఇష్టం" అన్నాడు. ఆమె గ్లాసులో నీళ్ళు పోసుకుంది, తాగలేదు. "నువ్వేమంటావు?" అని మళ్ళీ అడిగింది. "నేననేదేముంది? నీ ఇష్టం."

వాడి మనసులో ఏముందో నాకు తెలుసు. వాళ్ళ నాన్న నన్ను నైట్ డ్యూటీలకు వెళ్ళనివ్వనని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ రోజులు వాడు చూశాడు. అలాంటి మొగుడు కాకూడదని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నట్టున్నాడు. కానీ కోడలికి వినపడింది వేరు. నువ్వు ఉంటే ఎంత, పోతే ఎంత అని వినపడింది. ఆనాటినుంచి వాళ్ళ మధ్య మాటలకు కరువొచ్చింది. ఉప్పు అందుకో, గ్యాస్ అయిపోయింది, అంతే.

"నేను వెళ్తే వెంట వస్తాడా అత్తయ్యా? దీన్ని వదిలి?" అని ఒకసారి తొట్టె వైపు గడ్డం చూపించి నన్ను అడిగింది. అన్ని నీళ్ళు, అన్ని రాళ్ళు, పంపులు, దీపాలు. దాన్ని కదపడమంటే ఇల్లు కదపడమే.

ఆ రోజుల్లోనే వాడి పుట్టినరోజు వచ్చింది. కోడలు షాపునుంచి వస్తూ వస్తూ నీళ్ళ సంచిలో ఒక కొత్త పగడం తెచ్చింది. పచ్చగా, వేళ్ళు ఆడిస్తున్నట్టు ఊగే రకం. వాడింకా రాలేదు. చేతులు కడుక్కుని, తనే తొట్టెలో, సరిగ్గా పెద్దావిడ పక్కన పెట్టేసింది.

మా ఇంట్లో దీనికో చట్టం ఉంది. బయటినుంచి ఏది వచ్చినా ముందు మందునీళ్ళలో ముంచాలి. తర్వాత బాత్రూంలో ఉన్న చిన్న తొట్టెలో కొన్ని వారాలు కాపలా కాయాలి. అప్పుడు గానీ పెద్ద తొట్టెలోకి ప్రవేశం లేదు. మేం థియేటర్‌లోకి బయటి చెప్పులు రానిచ్చేవాళ్ళమా? అలాంటిదే. వాడు ఇది ఎన్నోసార్లు చెప్పాడు. ఆమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. భర్త పిచ్చి గురించి భార్యలు సాధారణంగా అంతే వింటారు.

వాడు వచ్చాడు, చూశాడు. చెయ్యి తొట్టె అంచుదాకా వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి వచ్చేసింది. "బాగుంది" అన్నాడు. ఆ సాయంత్రం కోడలు వంటింట్లో ఏదో కూనిరాగం తీసింది. చాలా రోజులకి విన్నాను.

తర్వాత కొన్ని వారాలకు రాళ్ళ మీద తుప్పురంగు మచ్చలు కనిపించాయి. మొదట చూసింది కోడలే. చూపుతో బతికే మనిషి కదా. వాడు ఆమె భూతద్దం తీసుకుని గాజుకు ముక్కు ఆనించి చూశాడు. మచ్చలు కాదు, పురుగులు. కాగితం ముక్కల్లా పల్చగా, నువ్వుగింజంత ఉండి, తోక దగ్గర చీలి ఉన్నాయి. మెల్లగా జారుతున్నాయి.

"ఎక్కణ్నించి వచ్చాయివి?" అంది.

"మొన్న నేనో రాయి తెచ్చాను కదా, దాంతో వచ్చుంటాయి" అన్నాడు.

వాడు ఈమధ్య ఏ రాయీ తేలేదు. ఆ సంగతి నాకు తెలుసు. మొగుడూ పెళ్ళాల మధ్య అబద్ధం వెచ్చగా ఉన్నప్పుడు వేలు పెట్టకూడదని కూడా తెలుసు.

ఆ పురుగులు పగడాన్ని కొరకవు. దుప్పటిలా కప్పేస్తాయి. కింద ఉన్నదానికి వెలుతురు అందదు, అది ముడుచుకుని ముడుచుకుని చచ్చిపోతుంది. మందు లేకపోలేదు. కొన్ని చుక్కలు వేస్తే అన్నీ రాలిపోతాయి. చిక్కేమిటంటే, చచ్చేటప్పుడు ఒంట్లోని విషం నీళ్ళలో కక్కి మరీ చస్తాయి. పది ఉంటే పర్వాలేదు. తొట్టెనిండా ఉంటే వాటితోపాటు చేపలూ పోతాయి, పగడాలూ పోతాయి. కాబట్టి ముందు చేతనైనన్ని పీల్చి తీసేయాలి. మందు ఆ తర్వాతే.

సెలవు రోజుల్లో మధ్యాహ్నం పూట దీపాలు పెంచితే, ఆ వెలుతురుకు పురుగులన్నీ పైకి వచ్చేవి. వాడు సన్నటి గొట్టం పట్టుకునేవాడు. కోడలు భూతద్దంతో చూసి, "ఎడమవైపు, ఇంకొంచెం కింద, అదిగో" అనేది. గొట్టం రెండో కొస దగ్గర బకెట్టు, బకెట్టు మీద గుడ్డ, ఆ గుడ్డ పట్టుకుని నేను. ఆ నెలల్లో వాళ్ళిద్దరూ ఎక్కువ మాట్లాడుకున్నది అప్పుడే. నిజం చెప్పాలంటే నాకా మధ్యాహ్నాలు చాలా నచ్చేవి. పురుగులు ఇంకొంతకాలం ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మనసులో అనుకున్నదానికి కూడా ఫలితం ఉంటుందేమో, అవి నిజంగానే పోలేదు.

ఎంత పీల్చినా వారం తిరిగేసరికి మళ్ళీ నిండేవి. ఎందుకో బకెట్టు దగ్గరున్న నాకు కనిపిస్తూనే ఉంది. వాడు ప్రతి రాయినీ ఎత్తి, తిప్పి, సందుల్లో గొట్టం పెట్టేవాడు. ఆ పచ్చటి కొత్త పగడం దగ్గరికి వచ్చేసరికి పైపైన అలా తుడిచినట్టు తుడిచి వదిలేసేవాడు. ఎత్తేవాడు కాదు. దాని మొదలు దగ్గర, ఆ మడతల్లో, పురుగుల కాపురం పచ్చగా ఉంది. ఇటు పెద్దావిడ ఒక అంచు వెలవెలబోతోంది.

ఆఖరికి మందు ఎంత వేయాలో అడగడానికి, తొట్టెలూ చేపలూ అమ్మే షాపాయనకు ఫోన్ చేశాడు. చేతులు తడిగా ఉన్నాయని నన్ను స్పీకర్ ఆన్ చేయమన్నాడు. తెలివైనవాళ్ళు చేసే పొరపాట్లు ఇలాగే ఉంటాయి.

"కొత్తగా ఏమైనా పెట్టారా సార్ లోపల?" అన్నాడు షాపాయన.

కోడలు అందుకుంది. "నేను పెట్టానండి. పచ్చది, ఊగేది."

"మందులో ముంచారామ్మా?"

"లేదు."

"ఇంకేముంది, దాంతోనే వచ్చాయి. తీసి పారేయండి. అయినా ఇది సార్‌కి తెలియని సంగతా? నాతో చెప్పిస్తున్నారేంటి?"

ఫోన్ నేనే కట్టేశాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీడు పట్టి కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"నీకు తెలుసా?" అంది కోడలు.

"ఊఁ."

"ఎప్పట్నించి?"

"పురుగులు కనపడ్డ రోజే తెలిసిపోయింది."

"మరెందుకు తీయలేదు?"

"నువ్వు తెచ్చావు కదా."

ఈ మాటకు ఆమె మెత్తబడుతుందనుకున్నాను. భగ్గుమంది.

"నేను తెచ్చానని ఇంత చేసుకుంటావా? ఒక్క మాట చెప్పుంటే ఆ క్షణాన తీసేసేదాన్ని. నేనేమైనా చుట్టపుచూపుగా వచ్చానా, మొహమాటపడ్డానికి? ఉద్యోగం సంగతి అడిగితే నీ ఇష్టం. పురుగులు తెచ్చిపెడితే బాగుంది. నీకు ఏది కావాలో, ఏది వద్దో నాకెలా తెలియాలి? ఇంకా ఎన్ని అద్దాలు మార్చాలి నేను?"

వాడు నా వైపు చూశాడు. నేను బకెట్టులోకి చూశాను.

"ఇప్పుడైనా చెప్పు. ఇది ఉండాలా, పోవాలా?"

"పోవాలి" అన్నాడు. "ఆ రోజే వద్దనుకున్నాను. అడక్కుండా పెట్టావని కోపం కూడా వచ్చింది."

"హమ్మయ్య" అంది కోడలు. మోచేతిదాకా నీళ్ళలో పెట్టి, పచ్చదాన్ని రాయితో సహా పైకి తీసి, పాత పేపర్లో చుట్టి చెత్తబుట్టలో పడేసింది. ఆమె మొహం అంత తేలికపడటం నేను ఈమధ్యకాలంలో చూడలేదు.

ఒకసారి మూత ఊడాక వాడూ ఆగలేదు. "నువ్వా ఊరు వెళ్ళడం కూడా నాకిష్టం లేదు. నా మాట నీకు అడ్డం కాకూడదని చెప్పలేదు."

ఆమె సింకు దగ్గర చేతులు కడుక్కుంటోంది. కుళాయి కట్టేసింది. వెంటనే వెనక్కి తిరగలేదు.

"నిన్ననే ఒప్పుకున్నాను" అంది. "సంతకం పెట్టేశాను. ఈ మాట కోసమే ఆఖరి రోజుదాకా ఆగాను."

నా కొడుకు మీద జాలేసింది, కోడలి మీదా జాలేసింది. ఇద్దర్నీ చెరో చెంపా వాయించాలని కూడా అనిపించింది. ఏమీ చేయలేదు. గుడ్డ పిండి ఆరేశాను.

పచ్చది పోయాక పురుగులు తగ్గుముఖం పట్టాయి. ఇంకో రెండు సెలవులు ముగ్గురం కూర్చుని పీల్చినన్ని పీల్చాం. వాడు మళ్ళీ మాటల్లేకుండా పనిలో పడ్డాడు. ఇక మందు వేయవచ్చన్నాడు. డ్రమ్ముల్లో కొత్త ఉప్పునీళ్ళు కలిపి పెట్టుకున్నాం. విషాన్ని లాగేసే బొగ్గును సంచిలో కట్టి సిద్ధంగా ఉంచుకున్నాం. చుక్కలు పడ్డ కాసేపటికే పురుగులు ముడుచుకుని, తుప్పు రాలినట్టు రాలడం మొదలైంది. మేం తీసినవి సగం కూడా కాదని అప్పుడు తెలిసింది. రాళ్ళ వెనకనుంచి, ఇసుకలోనుంచి, పంపు గొట్టంలోనుంచి వస్తూనే ఉన్నాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. వాడు బొగ్గు సంచి లోపల వదిలాడు. ఆమె బకెట్లతో పాతనీళ్ళు తోడింది. నేను కొత్తనీళ్ళు అందించాను. ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. సాయంత్రానికి చేపలు కిందికి దిగాయి.

పొద్దున లేచి చూస్తే పెద్దావిడ సగం తెల్లబడి ఉంది. ఆ తెలుపు మీద చర్మం పొరలుగా ఊడి నీళ్ళలో తేలుతోంది. అలాంటి గాయం అక్కడితో ఆగదు, మిగతా సగానికీ పాకుతుంది.

"నా వల్లే" అంది కోడలు, షాపుకు బయల్దేరుతూ.

"మనిద్దరి వల్లా" అన్నాడు వాడు. కాదనకపోవడం నాకు నచ్చింది.

ఆ రోజు వాడు పనికి సెలవు పెట్టాడు. మధ్యాహ్నం పనిముట్ల పెట్టెలోంచి కట్టర్ తీసి శుభ్రం చేయమని నాకిచ్చాడు. పెద్దావిడ మీద ఎవరి వేలూ పడనివ్వనివాడు, దాన్ని రాయితో సహా ఎత్తి ట్రేలో పెట్టి, బతికి ఉన్న కొమ్మల్ని ఒక్కొక్కటే కత్తిరించడం మొదలుపెట్టాడు. కట్టర్ పడ్డప్పుడల్లా ఎముక విరిగిన చప్పుడు వచ్చింది. ఒక్కో కొమ్మనూ చిన్న రాతిబిళ్ళకు జిగురుతో అంటించి మళ్ళీ నీళ్ళలో పెడుతున్నాడు.

కోడలు వచ్చేసరికి అలాంటివి వరసగా కనిపించాయి. భుజాన సంచీతోనే నిలబడిపోయింది.

"షాపాయనకిచ్చేస్తున్నావా?"

"ఎవరికీ ఇవ్వట్లేదు. ఇంత పెద్దది ప్రయాణానికి తట్టుకోదు. ముక్కలైతే నీళ్ళ సంచుల్లో ఒక రోజు బతుకుతాయి." ఇంకో కొమ్మ కత్తిరించాడు. "సర్దుతున్నాను."

ఆమె నా వైపు చూసింది. నాకూ ఆ మాట అప్పుడే తెలిసింది. "నేను నీళ్ళ సంచిలో పట్టను, నాకు టిక్కెట్టు తియ్యండి" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నన్నొకసారి అడగాలనిపించలేదా, రావచ్చా అని?" అంది.

"అడగట్లేదు" అన్నాడు మా అబ్బాయి, తల తిప్పి ఆమె మొహంలోకే చూస్తూ. "చెబుతున్నాను. వస్తున్నాను."

ఆమె సంచీ కింద పెట్టి, తడి నేల మీదే కూర్చుంది. కళ్ళు తుడుచుకుని జిగురు ట్యూబు మూత తీసింది. తర్వాతి బిళ్ళ మీద చుక్క వేసి వాడి చేతికిచ్చింది.