వదిన స్లైడు

గాజు మీద నీలం. నీలంలో గోధుమరంగు గీతలు.

సన్నవి... వెంట్రుక కన్నా సన్నవి. చీలి, మళ్లీ చీలి, ఎటో పోతున్నవి.

అవి రక్తనాళాలు. వాటికి రంగు పట్టించింది ఆమే. ఇరవై రెండేళ్లుగా ఆ ల్యాబులో ఆమె పని అదే — మైనంలో బిగించిన కండను ఉల్లిపొర కన్నా పల్చగా కోయడం, గాజు మీద పరచడం, రంగు వేయడం. ఎవరి ముక్కో ఆమెకు తెలియదు. నంబరే తెలుసు.

ఈ నంబరు ఎవరిదో తెలుసు.

వదినది.

భర్తకు అక్క. పెళ్లి వద్దనుకుని, కుట్టుమిషను మీద బతికిన మనిషి. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే జోకులు వేస్తుంది. బహిష్టు ఆగి ఏడేళ్లయ్యాక ఆ మనిషికి మళ్లీ నెత్తురు కనిపించింది. నెలల తరబడి దాచింది. నానబెట్టిన దుప్పటి చూసి మరదలే పట్టుకుంది.

"ఈ వయసులో డాక్టరుకి ఏమని చెప్పనే? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వితే వాళ్ల పళ్లు లెక్కపెడదాం. పద వదినా."

గర్భసంచి లోపలి నుంచి చిన్న ముక్క తీశారు. మామూలు రంగు వేసిన స్లైడును ల్యాబు పెద్ద డాక్టరమ్మ రెండుసార్లు చూసింది. గ్రంథులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కణాల తీరు బాగాలేదు.

"నాళాల రంగు కూడా వేయమ్మా. అదొక్కటే ఏదీ తేల్చదు. ఎంత నెత్తురు లాక్కుంటోందో చూద్దాం."

గర్భసంచి లోపలి పొర నెలనెలా కొత్త నాళాలు మొలిపిస్తుంది. నెల తిరగ్గానే వదిలేస్తుంది. అది దాని అలవాటు.

ఇక్కడ మొలిపించడమే గుర్తుంది. వదిలేయడం మరిచిపోయింది.

డాక్టరమ్మ పెదాలు కదుపుతూ నాళాలు లెక్కపెట్టింది. పక్కన నిలబడి, తెర మీద చూస్తూ ఆమె కూడా, మనసులో...

"ఎక్కువే ఉన్నాయి. ఇంకా క్యాన్సర్ కాదు. గుమ్మం దాకా వచ్చింది. సంచి తీసేయాలి."

ఇంకా.

ఆ ఒక్క మాటనే ఆమె ఇంటిదాకా మోసుకెళ్లింది.

వదిన ఎవరిదో జాకెట్టు కుడుతోంది. అంతా విని, కాలితో తొక్కడం ఆపి అంది —

"ఇన్నాళ్లూ ఊరికే కూర్చుని, ఇప్పుడా దానికి పని గుర్తొచ్చింది?"

ఇద్దరూ నవ్వారు. వదిన దారం తెంపింది.

"నొప్పి పెడుతుందా?"

"పెడుతుంది వదినా."

"సరే." మళ్లీ మిషను తిరిగింది. ఈసారి నెమ్మదిగా.

ఆపరేషను బాగానే జరిగింది. కళ్లు తెరవగానే వదిన మంచినీళ్లు అడిగింది. తీసేసిన సంచి ల్యాబుకు చేరి, ముక్కలై, రెండు రోజుల తర్వాత మైనపు దిమ్మలై ఆమె బల్ల మీదికి వచ్చింది. లోపల ఏ మూలనైనా క్యాన్సర్ దాక్కుందేమో, ఒక్కొక్క పొరా చూస్తేగానీ తెలియదు.

"వేరేవాళ్లకి ఇస్తాను. నువ్వు ఇంటికెళ్లమ్మా," అంది డాక్టరమ్మ.

"వద్దు మేడమ్. నేనే కోస్తాను."

కొత్త బ్లేడు బిగించింది. దిమ్మ మీది నంబరు ఒకసారి చదువుకుంది.

వదినదే.

మొదటి పొర బ్లేడు అంచున సాగింది... పక్కనున్న తొట్టిలోని గోరువెచ్చని నీళ్ల మీదికి జారి, ముడత విప్పుకుని, తేలింది.