మూరెడు ముందు మొట్టికాయ

కళ్ళు కనిపించని వాళ్ళు ఈత పందేల్లో ఈదుతుంటే గోడ వచ్చిందని ఎలా తెలుస్తుందనుకున్నారు? నెత్తిమీద మొట్టికాయ పడితే తెలుస్తుంది. గట్టు మీద ఒక మనిషి పొడుగాటి కర్ర పట్టుకుని నిలబడతాడు. కర్ర చివర మెత్తటి గుడ్డ ఉండ. ఈదేవాళ్ళు గోడ దగ్గరికి రాగానే ఒక్కటి తగిలిస్తాడు. తగిలించకపోతే ఏమవుతుందో అడగకండి, అదే ఊపులో వెళ్ళి వేళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళున్నారు.

చేపకు ఆ మొట్టికాయ వేసేది బాబాయి. చేప అంటే ఆయన అన్నకూతురు. పుట్టుకతోనే చూపు లేని ఆ పిల్లను చిన్నప్పుడే నీళ్ళలో దింపి, "ఇది చేపేనర్రా, పొరపాటున మా వదిన కడుపున పడింది" అని పేరు పెట్టినవాడూ ఆయనే. పని దర్జీపని. కర్ర చివరి ఉండ కూడా కత్తిరింపు ముక్కలతో తనే కుట్టాడు. కొలను ఆ చివర కోచ్, పందెం ముగిసే ఈ చివర బాబాయి. ఇద్దరి మధ్యా ఈది ఈది ఆ పిల్ల దేశం తరఫున పోటీకి దిగేంతదయింది.

బాబాయికి ఒకటే జబ్బు, భయం. పిల్ల ఎక్కడ గోడకు కొట్టుకుంటుందోనని మూరెడు ముందే మొట్టేసేవాడు. మొట్టగానే చేప బార వెయ్యడం ఆపి, చెయ్యి చాపి, మిగతా దూరం ఊరికే జారేది. ఒక పెద్ద పోటీలో ఆమె అలా జారుతుండగానే పక్క వరుస అమ్మాయి గోడ తాకేసింది. వెంట్రుకవాసిలో పతకం పోయింది.

"నీ పిరికితనం మింగేసింది బాబాయ్ నా పతకాన్ని!" అంది చేప, తువ్వాలులో వణుకుతూ.

ఆయన కర్ర చివరి ఉండలోంచి నీళ్ళు పిండాడు. "ఈసారి చూడవే. నేను మొట్టడం, నీ వేలు గోడకి తగలడం ఒక్కసారే జరగాలి. లేదంటే నన్ను దర్జీ అనకు, మాసికలేసేవాడు అను."

ఆ ఈసారి రాలేదు. లోకమంతటికీ జబ్బొచ్చింది. కొలనుకు తాళం పడింది. పోటీలు ఏడాది వాయిదా పడ్డాయి.

అందరికీ కష్టమే, కాదనను. కానీ దేన్నీ ముట్టుకోవద్దు, ఎవర్నీ తాకొద్దు అని ఊరంతా మైకుల్లో అరిచారే, వేళ్ళతో చూసే మనిషికి ఆ మాట ఎలా వినపడుతుందో ఒక్కరైనా ఆలోచించారా? వీధి దాటించే చెయ్యి లేదు. లిఫ్టు మీటలు తడమడానికి లేదు. అమ్మ భుజం పట్టుకోబోతే అమ్మే ఉలిక్కిపడి, "ఆగవే, ఇప్పుడే బయటినుంచొచ్చాను" అని వెనక్కి తగ్గింది. పాపం, ఆవిడ తప్పూ లేదు.

చేప మంచం దిగడం మానేసింది. మొదట్లో నేల మీద బోర్లా పడుకుని చేతులాడించేది, తర్వాత అదీ లేదు. జుట్టు అట్టలు కట్టింది. స్నానానికి పెట్టిన నీళ్ళు పెట్టినట్టే చల్లారిపోయేవి. "పొద్దున్నే లేవాలని లేదమ్మా. ఏ పొద్దునా లేవాలని లేదు" అన్ననాడు అమ్మ హడలిపోయింది. క్రీడా సంఘానికి ఫోను చేసి మొరపెట్టుకుంటే, వాళ్ళు ఒక మానసిక నిపుణురాలితో ఫోనులో మాట్లాడించారు. ఆవిడ తియ్యటి గొంతుతో, "ముందుగా మెల్లగా కళ్ళు మూసుకోండి" అంది.

"మూసుకుని చాలా కాలమైందండీ" అంది చేప.

ఆవిడ సిగ్గుపడిపోయి క్షమించమంది. మంచి మనిషే, ఆ తర్వాత వారం వారం ఓపిగ్గా మాట్లాడింది. మిగతా రోజుల ఫోన్లు మాత్రం బాబాయివి.

"చేపా, ఇవాళ మీ పిన్ని బల్ల మీద పుచ్చకాయ దొర్లించింది. అది గోడకి తగిలే క్షణానికి సరిగ్గా మొట్టాలి, అదీ సాధన. మళ్ళీ ముందే మొట్టేశానే!"

"పుచ్చకాయక్కూడా దెబ్బ తగులుతుందని భయం ఈయనకి" అని వెనకనుంచి పిన్ని. "ఇలా తెండి ఆ కర్ర. ఇదిగో, ఇలా!"

టప్పుమంది. చేప నవ్వింది. ఎన్నాళ్ళకో వినపడిన ఆ నవ్వుకు అమ్మ వంటింట్లో గరిట పట్టుకుని నిలబడే ఏడ్చేసింది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటారు చూడండి, అదే జరిగింది. మాస్కులు కుట్టడానికి దుకాణం తెరిచి ఉంచిన బాబాయికి జ్వరం తగిలింది. తన కాళ్ళ మీద ఆసుపత్రికి నడిచి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మనిషినే కాదు, శవాన్ని కూడా ఇంటికివ్వలేదు. చివరిచూపు దక్కలేదని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. చేపకు చూపుతో పనేముంది? సూది పోట్లకు గరుకెక్కిన ఆ చూపుడువేలిని ఒక్కసారి తడుముకుంటే చాలనుకుంది. అదీ దక్కలేదు.

ఆమెకు ఏడుపు కూడా రాలేదు. కొలను తెరిచారని కోచ్ కబురు పెడితే రానంది. ఆయన స్వయంగా ఫోను చేసి, "ఎంపిక పోటీకి రాకపోతే ఇక పతకానికి నీళ్ళొదులుకోవడమే తల్లీ" అన్నాడు.

"నీళ్ళనే వదిలేశాను సార్" అంది చేప.

అప్పుడొచ్చింది పిన్ని. గుమ్మంలో కర్ర చప్పుడైంది.

"లేవే."

"ఎందుకు పిన్నీ? ఈ చివర ఎవరుంటారని?"

"నేనుంటాను. మీ బాబాయికి అబ్బలేదు గానీ నాకు అబ్బింది. దుకాణంలో ఇస్త్రీ చేసిన చెయ్యే ఇది. క్షణం ముందు తీస్తే ముడత, క్షణం ఆగితే మాడు. అన్ని పుచ్చకాయలు ఊరికే పోనిస్తానా? లే. ఆ ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేకపోతున్నానే..."

ఆ చివరి మాటకే లేచింది చేప. తన కోసమైతే లేచేది కాదు.

నీళ్ళు మొదట్లో పరాయివాళ్ళలా ముట్టుకున్నాయి. గోడ దగ్గర పడుతోందనిపిస్తే చాలు, భయంతో చేతులు ముడుచుకుపోయేవి. పిన్ని తిట్టింది, బతిమాలింది, మళ్ళీ తిట్టింది. కానీ కర్ర మాత్రం ఏనాడూ గురి తప్పలేదు. మెల్లగా చేప చేతులు నమ్మడం నేర్చుకున్నాయి.

ఎంపిక పోటీ రోజున ఆఖరి బార వేసింది. నెత్తిన టప్పుమనడం, వేలికి గోడ తగలడం ఒక్కసారే జరిగాయి.

"ఇంత వేగంగా నువ్వు పుట్టాక ఈదలేదే! గట్టెక్కేశావు!" అని కోచ్ అరుపులు, చప్పట్లు. చేప మాత్రం గోడ పట్టుకుని అలాగే ఉండిపోయింది. కోరుకున్నది దొరికింది. గుండె మాత్రం బావురుమంది.

"పిన్నీ, ఆ మూరెడు లేదు" అంది.

ఏ మూరెడని పిన్ని అడగలేదు.

అందరూ వెళ్ళిపోయాక చేప మళ్ళీ నీళ్ళలోకి దిగింది. "ఒక్కసారి... బాబాయిలా మొట్టవూ?"

కొలను మధ్యకు వెళ్ళి, అక్కడినుంచి ఈదుకుంటూ వచ్చింది. మొట్టికాయ పడింది, ముందే పడింది. బార ఆపి, చెయ్యి చాపి జారింది. గోడ రాలేదు. చెవుల పక్కనుంచి నీళ్ళు జారిపోతున్నాయి, ఇంకా గోడ రాలేదు. తన పతకం పోయింది ఇక్కడేనని ఇన్నాళ్ళూ తిట్టుకున్న చోటది. ఈ కాస్త మేరలో తనకు ఏ దెబ్బా తగలకూడదని ఒక మనిషి గట్టు మీద ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. అంతే ఆ మూరెడు.

గోడ మెత్తగా వచ్చి వేళ్ళకు ఆనింది. బాబాయి పోయాక మొదటిసారి చేప ఏడ్చింది, ఈత కళ్ళద్దాలు లోపలినుంచి నిండిపోయేదాకా.

పిన్ని గట్టు మీద కూలబడింది. "ఇంకోసారి అలా మొట్టనా?" అంది.

"వద్దు పిన్నీ. ఇంకోసారైతే ఆ మూరెడులోనే ఉండిపోతాను."