పెయ్యా, ఆవా

ఓరెస్ట్ బోయ్‌చుక్ నలభై ఒక్క సంవత్సరాలుగా నోరే పెట్టుబడిగా బతికినవాడు. సస్కచువాన్ మైదానాల్లో పశువుల వేలం నడపడం అతని వృత్తి. ఊపిరి తిప్పుకోకుండా అంకెలు వల్లిస్తూ, ఆ సందులోనే కొనేవాడి టోపీ మీదా అమ్మేవాడి బొజ్జ మీదా చెణుకు విసరగల మొనగాడు. అటువంటి వాని మెదడులో, ఎడమ పక్కన, సరిగ్గా మాట పుట్టే చోటుకు ఆనుకొని క్యాన్సరు గడ్డ పుట్టింది.

"మార్గాలు మూడున్నాయి," అన్నది శస్త్రచికిత్స చేయవలసిన డాక్టర్ ఫాంటేన్. "చిన్న ముక్క తీసి పరీక్షించి, మిగతాది రేడియేషనుకీ మాత్రలకీ వదిలెయ్యడం ఒకటి. మిమ్మల్ని పూర్తిగా నిద్రపుచ్చి, మాట జోలికి పోకుండా అంచుల్లో దొరికినంత తియ్యడం రెండోది. మెలకువగా ఉంచి, మీ చేత మాట్లాడిస్తూ తియ్యడం మూడోది. దాంట్లో గడ్డ ఎక్కువ పోతుంది. అది ఎంత పోతే మీకు అంత ఆయుష్షు."

"మొదటి రెంటికీ నేను పాట ఎత్తను డాక్టరమ్మా. మూడోది ఖాయం చేసెయ్యండి."

"ఈ మనిషి నోరు మూయించే డాక్టరు ఎప్పటికైనా దొరక్కపోతుందా అనుకున్నాను," అన్నది భార్య నాడియా. "ఈవిడేమో తల కోస్తూ కూడా మాట్లాడిస్తానంటోంది!"

పద్ధతి ఇది. జోసెలిన్ అనే మాటల శిక్షకురాలు బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపుతుంది. రోగి "ఇది ఫలానా" అని చెప్పాలి. డాక్టరమ్మ మెదడులో ఒకే చోట తాకుతుండగా రెండుసార్లు తప్పితే, అక్కడ మాట ఉన్నదని అర్థం. కత్తి అక్కడితో ఆగుతుంది. రోగికి తెలియని బొమ్మలు అసలు రోజున రాకుండా, ముందునాడే ఏరి తీసేస్తారు.

ఆ ముందునాడు జోసెలిన్ మొదటి అట్ట చూపింది.

"ఇది ఎడమకాలి బూటు. మడమ అరిగింది. ఎవరో దీన్ని ఈడ్చుకుంటూ నడిచారు."

"ఒక్క ముక్కలో చెప్పి ఊరుకో," అని నాడియా గదమాయించింది. "పాపం, పట్నం పిల్ల."

ఇంతలో ఆవు బొమ్మ వచ్చింది. ఓరెస్ట్ నోరు తెరిచాడు. నాడియా అతని పాదం తొక్కింది. "ఇది ఆవు," అన్నాడతడు, ఆముదం మింగిన ముఖంతో. అట్ట మర్నాటి కట్టలో చేరిపోయింది.

మరునాడు థియేటరులో నాడియా లేదు. ఆమె పాదమూ లేదు. తల కదలకుండా బిగించారు. నొప్పి తెలియకుండా మందు ఇచ్చారు. చెంచా, గొడుగు, చందమామ సాఫీగా గడిచాయి. వెనుక డాక్టరమ్మ పని ముందుకు సాగుతున్నది. అప్పుడు ఆ ఆవు అట్ట వచ్చింది.

"ఇది పెయ్య."

"తప్పింది," అన్నది జోసెలిన్ సన్నగా.

డాక్టరమ్మ చెయ్యి నిలిచిపోయింది. "మళ్ళీ అడుగు."

"ఇది పెయ్య."

"రెండోసారీ తప్పింది డాక్టర్."

"అయితే ఇక్కడితో ఆపుదాం. వేలెడు గడ్డ మిగిలిపోయిందే!"

ఓరెస్ట్ కేక పెట్టాడు. ఆ వేలెడూ తన ఆయుష్షే. "ఆగండమ్మా! పొదుగు చూడండి! పొదుగేదీ? ఈనని దాన్ని ఆవని అమ్మితే నన్ను మా వేలంశాల నుంచి తరిమి కొట్టరూ?"

గదిలో ఉన్న ఏడుగురు విద్యావంతులూ ముఖముఖాలు చూసుకున్నారు. పాలు డబ్బాలో వస్తాయన్నంత వరకే వారికి తెలుసు. చివరికి ఒక నర్సు అటువంటి అట్టే మరొకటి పట్టుకొని, బయట కూర్చున్న నాడియా దగ్గరకు పరుగెత్తింది.

"అమ్మా, ఇదేమిటి?"

నాడియా కళ్ళద్దాలు కూడా సవరించుకోలేదు. "పెయ్య. ఇంకా ఈనలేదుగా." మరుక్షణమే నుదురు కొట్టుకుంది. "ఆవని చెప్పి చావమన్నానే! విన్నాడూ?"

కత్తి మళ్ళీ కదిలింది. వేలెడులో ముప్పాతిక వంతు వచ్చేసింది. అప్పుడు జోసెలిన్ గుర్రం బొమ్మ చూపింది.

"ఇది..."

జూలు తెలుసు. డెక్కలు తెలుసు. చిన్నప్పుడు ఎక్కి తిరిగిన దాని వెచ్చని వీపు కూడా తెలుసు. పేరు మాత్రం రాలేదు. వేలంపాటలో ఒక్కనాడూ తడబడని మనిషి, కళ్ళు మిటకరించి చూస్తూ ఉండిపోయాడు. డాక్టరమ్మ పనిముట్టు పైకి తీసింది. మూడు ఊపిరులు గడిచాయి.

"ఇది గుర్రం," అన్నాడతడు, చెమటలు కారుతుండగా. "పళ్ళు చూడనిదే వయసు చెప్పను."

"ఇది మాత్రం నిజమైన హద్దు," అన్నది డాక్టరమ్మ. "మిగిలిన కాస్తా రేడియేషనూ మాత్రలూ చూసుకుంటాయి."

వాపు వల్ల కొన్నాళ్ళు మాట మందగించవచ్చునని ఆమె ముందే చెప్పింది. అయినా రెండు రోజులు అతడు నోరు విప్పకపోయేసరికి, ఇంట్లోని గడియారం ఆగినట్టున్న ఆ మౌనం నాడియాకు అన్నం సయించనివ్వలేదు. మూడోనాడు మధ్యాహ్నం ఆసుపత్రి వారు మాంసం ముక్క పెట్టిన పళ్ళెం తెచ్చారు. ఓరెస్ట్ ఒక ముక్క నోట వేసుకొని, చాలాసేపు నమిలి, ఆగాడు.

"ఇది..."

"ఊఁ, ఇది?" నాడియా మంచం అంచు పట్టుకుంది.

"ఇది... ఆవు." ఇంకా నమిలాడు. "పెయ్య కాదు. పది... పది ఈతలు ఈనింది."

"అయిపోయింది నా పని," అన్నది నాడియా, చెంగున లేచి కళ్ళు తుడుచుకుంటూ.