పదకొండుసార్లు ఎత్తిన చెయ్యి

అత్తయ్యకి స్నానం చేయించాలంటే ముందు నేను తడవాలి. పక్షవాతం వచ్చి మూడేళ్లయింది, ఆవిడ చేతుల్లో పట్టు లేదు. ఒక చేత్తో ఆవిణ్ణి, ఇంకో చేత్తో చెంబుని పట్టుకుని, ఆఫీసు బస్సు పోతుందేమోనని హడావిడిపడుతూ నీళ్లు పోస్తాను. హాల్లోంచి మావారు, "అమ్మకి సేవ చేస్తే దేవుడు చూస్తాడు, ఊరికే పోదు" అంటారు, పేపర్లోంచి తలెత్తకుండానే. చూసేవాడు ఈయన్ని కూడా చూస్తాడుగా మరి!

అయినా ఆ మాటకి నాకు భయమే. విసుక్కుంటాను కదా. మొన్నొకరోజు "ఈ చాకిరీ ఎప్పుడు తీరుతుంది దేవుడా" అని గొణిగాను. అంటే ఆవిడ పోవాలనేగా? ప్రార్థనకి కూర్చుంటే అసలు వినేవాడున్నాడా అని అనుమానం. ఇలాంటిదాన్ని దేవుడు తన బిడ్డ అనుకుంటాడా? అందుకే చర్చిలో విశ్వాసాన్ని మళ్లీ రగిలించే ఉజ్జీవ కూటాలు పెట్టినప్పుడల్లా, "రక్షణ కావాలనుకునేవాళ్లు చెయ్యెత్తండి" అని ప్రసంగీకుడు అనగానే నా చెయ్యి లేచేది. ఒక్కసారి పొందితే చాలంటారు గానీ, నేను అలా పదకొండుసార్లు రక్షణ పొందాను. "నీ రక్షణకి గ్యారంటీ లేదా ఏంటి, కూటానికో కొత్తది తెచ్చుకుంటావు?" అని మావారు నలుగురిలో నవ్వారు కూడా.

నిన్న ఆదివారం పొద్దున సబ్బు నురగ మీద అత్తయ్య కాలు జారింది. వదిలేద్దామా అనిపించింది. ఒక్క క్షణమే, దాచడమెందుకు, అనిపించింది. కానీ అప్పటికే నా చెయ్యి ఆవిడ చంక కింద బిగుసుకుపోయింది. ఇద్దరం గోడకి ఆనుకుని రొప్పుతున్నాం.

"భయపడ్డారా అత్తయ్యా?"

"నాకెందుకే భయం?" అన్నారావిడ ముద్దముద్దగా. "నా చెయ్యి ఎందుకూ పనికిరాదు. పట్టుకునేది నువ్వు. సణుగుతావు, విసుక్కుంటావు, వదలవు. మూడేళ్లుగా చూడట్లేదూ?"

నాకు ఏడుపొచ్చేసింది. తువ్వాలు పట్టుకుని ఆ తడిలోనే చతికిలబడ్డాను. ఇంత సణిగే నేనే వదలనప్పుడు, దేవుడు నన్ను వదిలేస్తాడా? ఇన్నాళ్లూ నా పట్టు జారిపోతోందని బెంగపడ్డానే గానీ, పట్టుకున్నదెవరో చూసుకోలేదు. అనుమానాలన్నీ పోయాయని చెప్పను. ఉంటే ఉండనీ, వాటివల్ల నేను పడిపోను. అమ్మయ్య, ఎన్నాళ్లకి ఊపిరాడిందో!

సాయంత్రం కూటంలో ప్రసంగీకుడు చేతులెత్తమన్నాడు. మావారు మోచేత్తో పొడిచారు.

"ఏం, ఈసారి అక్కర్లేదా?"

"అక్కర్లేదండీ. ఎప్పుడో అయిపోయింది."

ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూనే చెప్పాను. "రేపట్నుంచి అత్తయ్యకి రోజు విడిచి రోజు మీరు స్నానం చేయించండి. ఆవిణ్ణి అడిగాను, సరేనన్నారు."

"నేనా? అమ్మకి నేనెలా చేయిస్తాను?"

"మీకు ఆవిడ చేయించలేదూ?"

ఆయన నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూశారు. "దేవుడు చూస్తాడన్న భయం కూడా లేదా నీకు?"

"ఉండేదండీ. అందుకే మూడేళ్లూ ఒక్కదాన్నే చేశాను."